ముల్లు లేవని జిప్సీ

జైపాల్‌రావు జిప్సీ జీపు కొన్నప్పుడు ఆయనకంటే ఎక్కువ సంబరపడింది వాగొడ్డుపల్లె. ఊరికీ సుల్తానాబాద్ రోడ్డుకూ నడుమ వాగు ఉంది. దానికి వంతెన కడతామని ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి కొబ్బరికాయ కొట్టి పోతారు. ఆ చిప్పలు కూడా వాగులోనే కొట్టుకుపోతాయి. వానలు పడ్డాయంటే బస్సు అవతలి ఒడ్డు నుంచే మళ్లిపోతుంది. అట్లాంటి ఊళ్లోకి నాలుగు చక్రాలూ కలిసి తిరిగే బండి వచ్చింది. చూడ్డానికి చిన్నది, ఇరుకు సందులో కూడా మళ్లుతుంది. వెనక సీట్లు మడిస్తే ఎరువు బస్తాలు పడతాయి, మడవకపోతే మనుషులు పడతారు. ఇంకేం కావాలి? అది తమ కోసమే వచ్చిందని ఊరంతా అనుకుంది.

మొదటి ఏడు అందరూ ఎక్కారు కూడా. వేములవాడ రాజన్నకు కోడె కట్టడానికి ఒకరు, శ్రీరాంపూర్ గనుల్లో పనిచేసే అల్లుడింటికి బిడ్డను దింపడానికి ఒకరు, పెళ్లిచూపులకు ఒకరు. చుట్టాల సంగతి చెప్పనే అక్కర్లేదు. జైపాల్‌రావు భార్య సరళాదేవికి ముగ్గురు తమ్ముళ్లు. "బావా, జర కరీంనగర్ దాక పోయొస్తం" అని తాళాలు పట్టుకుపోయేవాళ్లు. తిరిగొచ్చేసరికి బండి ఒంటినిండా బురద, ట్యాంకు అడుగున చెమ్మ.

జైపాల్‌రావు పిసినారి కాదు. నలుగురికి అన్నం పెట్టే చెయ్యే. కానీ పెట్రోలు దగ్గరికి వచ్చేసరికి ఆయనకు వేరే మనిషి పూనేవాడు. రోడ్డు మీద బాగానే పోయే ఆ చిన్న బండి, వాగులో నాలుగు చక్రాలూ తిప్పుకుంటూ పోయేటప్పుడు మాత్రం బర్రె కుడితి తాగినట్టు తాగుతుంది. అందుకని ఆయన చేయని పని లేదు. దిగుడు వస్తే ఇంజను బంద్ చేసేవాడు. యాక్సిలేటరు మీద కాలు కోడిగుడ్డు మీద పెట్టినట్టు పెట్టేవాడు. ముందు చక్రాల బొడ్డుల్లో ఉండే గుండీలను తిప్పి వదులు చేసి ఉంచేవాడు. అట్లా చేస్తే ముందు చక్రాలు ఇంజనుకు బరువు కాకుండా ఊరికే దొర్లుతాయి, నాలుగు చుక్కలు మిగులుతాయి. వాగు దగ్గర మాత్రం దిగి, పంచె ఎగ్గట్టి, ఆ గుండీలను మళ్లీ బిగించేవాడు. పక్క సీట్లో సరళాదేవి విసుక్కునేది. "అయిందా మీ పూజ?" అనేది.

ఇంత చేసి మిగిల్చింది ఊరు తాగేస్తుంటే ఎట్లా? పోనీ, ఇవ్వనని చెప్పొచ్చు కదా అంటే, దానికి ఆయనకు నోరు రాదు. ఊళ్లో పెద్దమనిషి, దొర. అడిగితే లేదనకూడదు. ఆ నోరు రాకపోవడం వల్లనే ఇదంతా జరిగింది. సుల్తానాబాద్‌లో మెకానిక్ లింగమూర్తి చేత స్టీరింగు కింద, తడిమితే తప్ప దొరకని చోట, చిన్న స్విచ్చు పెట్టించాడు. అది వేస్తే పెట్రోలు ముల్లు ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. తీసేస్తే ట్యాంకు ఎంత నిండుగా ఉన్నా ముల్లు అట్టడుగున పడుకుంటుంది. ఈ సంగతి సరళాదేవికి కూడా చెప్పలేదు. ఆమెకు తమ్ముళ్లున్నారు కదా.

అప్పటి నుంచి ఎవరడిగినా ఆయన కాదనలేదు. "దానికేంది, తీస్కపో" అంటూ బండి దాకా వెంటబెట్టుకుపోయి, తాళం తిప్పి ముల్లు చూపించేవాడు. అడిగినవాళ్లకంటే ఎక్కువ బాధపడేవాడు. పెట్రోలు బంకేమో వాగు అవతల సుల్తానాబాద్‌లో ఉంది. వచ్చినవాళ్లు ముల్లును చూసి, దొర ముఖం చూసి, పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడనుకుంటూ పోయేవాళ్లు.

కైలాసం కూడా అట్లాగే పోయాడు. కైలాసం సాలెవాడకట్టు మనిషి. భీవండిలో పవర్‌లూమ్‌లు నడిపాడు, అవి ఆగినప్పుడు బట్టల టెంపో తోలాడు. ఆరోగ్యం చెడి తిరిగొచ్చి ఊళ్లోనే ఒక సేటు దగ్గర మగ్గాల పనికి కుదిరాడు. ఒక వానాకాలం పొద్దున అతని తల్లి శంకరవ్వ కొట్టంలో జారిపడితే తుంటి ఎముక విరిగింది. కైలాసం పరుగెత్తుకొచ్చాడు. జైపాల్‌రావు అలవాటు కొద్దీ తాళం తిప్పాడు. ముల్లు లేవలేదు.

"ముల్లు జూడు కైలాసం. వాగు నడుమ ఆగిపోతే ఎట్ల?" అన్నాడు.

ఆ రోజు ట్యాంకులో సగానికి పైనే పెట్రోలు ఉంది. శంకరవ్వను ఎడ్లబండి మీద వేసుకుపోయారు. బండి వాగులో దిగబడింది. వెనక్కి తెచ్చి పసరు కట్లు కట్టించారు. ఎముక వంకరగా అతికింది. అప్పటి నుంచి ఆమె కట్టె పట్టుకుని ఒక పక్కకు ఒరిగి నడుస్తుంది. ఆ పూట జైపాల్‌రావుకు ముద్ద దిగలేదు. మరి మర్నాడైనా స్విచ్చు పీకించాడా అంటే, లేదు. పీకిస్తే ముల్లు లేస్తుంది. ఇన్నాళ్లూ ఏమైందని ఊరు అడుగుతుంది. అందుకని ముల్లును పడుకునే ఉండనిచ్చాడు.

అది జరిగి రెండేళ్లయింది. ఎనభై తొమ్మిదిలో శ్రావణం ముసురుతోనే మొదలైంది. వాగు పొంగేటట్టుందని జైపాల్‌రావు ముందు రోజే సుల్తానాబాద్ పోయి, ట్యాంకును మూత దాకా నింపించుకొచ్చాడు. బండిని వాకిట్లో పెట్టి, స్విచ్చు తీసేసి, టార్పాలిన్ కప్పాడు. పొద్దున్నే పొలం దగ్గరి కొట్టానికి పోయి తడిసిన గోనెసంచులు దులుపుతున్నాడు. మణికట్టు మీద చురుక్కుమంది. సంచి కింది నుంచి పడగ లేచింది. నాగుపాము.

జీతగాడు హనుమండ్లు ఆయన్ను వీపు మీద వేసుకుని, బురదలో పడుతూ లేస్తూ ఇంటికి తెచ్చేసరికే చాలాసేపైంది. అరుగు మీద పడుకోబెట్టారు. ఊరంతా చేరింది. ఎవరో పక్క ఊళ్లో మంత్రగాడి పేరెత్తారు.

"మంత్రం గింత్రం వద్దు," అంది సరళాదేవి. "కరీంనగర్ పెద్దాసుపత్రిల సూది ఉంటది. హనుమండ్లూ, కైలాసాన్ని పిల్వు. టెంపో తోలినోడు."

కైలాసం మగ్గం మీది నుంచి లేచినవాడు లేచినట్టే వచ్చాడు. జుట్టు నిండా దూది పోగులు. టార్పాలిన్ లాగేసి లోపల కూర్చుని తాళం తిప్పాడు. ముల్లు అట్టడుగున ఉంది. కిందికి దిగి అరుగు దగ్గరికి వచ్చాడు.

"దొరా, ముల్లు కిందనే ఉన్నది. వాగు నడుమ ఆగిపోతే ఎట్ల?"

ఎత్తిపొడుపు ఏమీ లేదు అందులో. అతనికి నిజంగానే భయం వేసి అడిగాడు. కానీ జైపాల్‌రావుకు తన మాటే తన చెవిన పడింది. చెయ్యి మోచేతి దాకా వాచింది, కనురెప్పలు బరువెక్కుతున్నాయి. అయినా అప్పటికింకా నోరు పనిచేస్తూనే ఉంది.

"పోనియ్. పోతది," అన్నాడు.

"ఎట్ల పోతది దొరా? నీళ్లు మోకాలు దాటి ఉన్నయి. నడుమల ఇంజన్ బందయిందంటే పైపులకెల్లి నీళ్లు జొర్రి మల్ల లెవ్వది. బంకు దాకన్న చాలాలె గదా."

చెప్పాలి. స్టీరింగు కింద స్విచ్చు ఉంది, వెయ్యి. ఇంతే మాట. జైపాల్‌రావు చుట్టూ చూశాడు. శంకరవ్వ కట్టె మీద ఒరిగి ముందు వరసలో నిలబడి ఉంది. ఆమె పక్కన దశరథం. అతను కూడా ఒకసారి పెళ్లాం పురుటి నొప్పులప్పుడు వచ్చి ముల్లు చూసి పోయినవాడే. అందరూ ఆయన ముఖంలోకే చూస్తున్నారు. ఇంతమంది ముందా? కొంచెం జనం పక్కకు జరిగితే కైలాసం చెవిలో చెప్పొచ్చు అనుకున్నాడు. ప్రాణం మీదికి వచ్చినా మనిషికి ఈ లెక్కలు పోవు.

జనం జరిగారు. పెట్రోలు తేవడానికి జరిగారు.

"నా లూనాల ఉన్నది," అంటూ దశరథం ఉరికాడు. బడి పంతులు స్కూటరుందని ఒకరు, పత్తికి మందు కొట్టే పంపులో ఉందని ఇంకొకరు. అందులో ఆయిల్ కలిసి ఉంటుందని ఎవరో అనుమానపడ్డారు. "కలిస్తె కలవనియ్, పొగ వస్తది, అంతే," అన్నాడు కైలాసం. అతనూ డబ్బా వెతకడానికి పరుగెత్తాడు.

ఇప్పుడు అరుగు మీద సరళాదేవి తప్ప ఎవరూ లేరు. ఈమెకు చెబితే చాలు. జైపాల్‌రావు నోరు తెరిచాడు. నాలుక కదల్లేదు. నోట్లో ఎవరో తడి గుడ్డ కుక్కినట్టుంది. "స్... స్..." అని గాలి వచ్చింది. అప్పుడు ఆయనకు నిజంగా భయం వేసింది. పాము కరిచినప్పుడు కూడా అంత భయం వేయలేదు.

చెయ్యి ఎత్తి బండి వైపు చూపించాడు.

"నీళ్లా? నీళ్లు కావాల్నా?" అంది సరళాదేవి. చెంబు తెచ్చి నోట్లో పోసింది. నీళ్లు మింగుడు పడక పెదవుల పక్క నుంచి కారిపోయాయి. అది చూసి ఆమె ఏడ్చింది.

వీధిలో ఒక్కో చప్పుడూ ఆయనకు వినిపిస్తూనే ఉంది. లూనాను పక్కకు పడుకోబెడుతున్నారు. ఎవరో పైపు పెట్టి నోటితో లాగి, పెట్రోలు గొంతులో పడి దగ్గుతున్నారు. సీసా అడుగుకు కూడా రాలేదని ఒకరు తిట్టుకుంటున్నారు. తన ఒంట్లో విషం పైకి పాకుతోంది, అక్కడ వాళ్లు చుక్కచుక్కా పోగుచేస్తున్నారు. ఆగండ్రా అని అరవాలని ఉంది. కళ్లు మూతలు పడ్డాయి. తెరుద్దామంటే రెప్పలు లేవలేదు.

నలుగురు కలిసి ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టారు. సరళాదేవి వెనక సీట్లో నుంచి ఆయన తల పట్టుకుంది. కైలాసం స్టీరింగు ముందుకు వచ్చాడు. జైపాల్‌రావు ఉన్న బలమంతా కూడదీసుకుని చెయ్యి స్టీరింగు కిందికి చాచాడు. కైలాసం ఆ చేతిని మెల్లగా తీసి ఆయన ఒళ్లో పెట్టాడు.

"చెయ్యి ఆడియ్యకుండ్రి దొరా. విషం ఎక్కుతది."

మళ్లీ చాచాడు. మళ్లీ తీసి ఒళ్లో పెట్టాడు.

వెనక దశరథం ట్యాంకు మూత తీసి సీసా వంచాడు. ఒక్క గుక్కైనా దిగలేదు. పెట్రోలు మూతి దగ్గరే ఎగదన్ని, బండి పక్క నుంచి కారి, వాన నీళ్ల మీద రంగులు రంగులుగా పరుచుకుంది. శంకరవ్వ కట్టె దాకా వచ్చింది. దశరథం సీసా ఎత్తి లోపలికి వంగి చూశాడు.

"ఇది నిండుగనె ఉన్నది గదా," అన్నాడు.

జైపాల్‌రావుకు కళ్లు మూసుకుపోయాయి గానీ చెవులు మూసుకుపోలేదు. ఇప్పుడు అంటారు, ఇప్పుడు తిడతారు అని చూశాడు.

"ముల్లు కరాబైంది," అంది శంకరవ్వ. "పాపం, ట్యాంకు నిండ ఉండంగనె లేదనుకున్నడు దొర. ఎన్ని దినాల సంది గిట్ల మోసం జేస్తున్నదో ఇది." తర్వాత గొంతు పెంచింది. "ఇంక నిలబడ్డరేంది? తోలురా కైలాసం."

తిడితే బాగుండేది. ఆ జాలి మాట ఆయన గుండెల మీద రాయి పెట్టినట్టు కూర్చుంది. సిగ్గుతో చచ్చిపోతారంటారే, విషం పని ఆలస్యమైతే తనకు అదే జరుగుతుందనుకున్నాడు.

వాగు ఎర్రగా, తొందరగా పారుతోంది. కైలాసం చిన్న గేరు కొయ్యను నాలుగు చక్రాల మీదికి లాగి, బండిని మెల్లగా నీళ్లలోకి దించాడు. నడుమ దాకా బాగానే పోయింది. అక్కడ వెనక చక్రాలు ఇసుకలో గిర్రున తిరగడం మొదలుపెట్టాయి. బండి కదల్లేదు. కాళ్ల దగ్గరికి నీళ్లు వచ్చాయి.

"నాలుగు తిరుగాలె గదా! ముందటియి తిరుగుతలేవు," అన్నాడు కైలాసం. కొయ్యను విడిచి మళ్లీ లాగాడు. చక్రాలు ఇంకొంచెం లోతుకు దిగాయి.

జైపాల్‌రావు చెయ్యి మళ్లీ లేచింది. ఈసారి స్టీరింగు వైపు కాదు. వెనక్కి తడుముకుంటూ పోయి సరళాదేవి మణికట్టు పట్టుకుంది. పిడికిలి బిగించి, దాన్ని ఒక పక్కకు తిప్పింది. మళ్లీ తిప్పింది.

ఇందాక నీళ్లడిగాడనుకుని పొరపడ్డ సరళాదేవి ఈసారి తొందరపడలేదు. ఆ పిడికిలినే చూసింది. వాగు, పంచె ఎగ్గట్టుకోవడం, చక్రం దగ్గర వంగడం ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"కైలాసం, దిగు. ముందు చక్రాల బొడ్డులల్ల గుండీలుంటయి. రెండిటినీ తిప్పి బిగియ్యి. పెట్రోలు మిగుల్తదని వాటిని వదులు జేసి పెడ్తడు ఈయన."

"ఇంజన్ ఆగిపోతది దొరసాని."

"నేను తొక్కుత. నువ్వు దిగు."

కైలాసం తొడల లోతు నీళ్లలోకి దూకాడు. సరళాదేవి సీట్ల సందులోంచి ముందుకొచ్చి యాక్సిలేటరు మీద కాలు పెట్టి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ తొక్కని దాన్ని నేలకంటా తొక్కింది. ఇంజను అరిచింది. జైపాల్‌రావు ఆ మోత విన్నాడు. అంత పెట్రోలు ఊరికే కాలిపోతుంటే ఆయన సంతోషించడం అదే మొదటిసారి.

కైలాసం ఒక చక్రం దగ్గర మునిగి లేచాడు, బండి పట్టుకుని అటు తిరిగి రెండో చక్రం దగ్గర మునిగాడు. ఎక్కి కూర్చుని గేరు వేశాడు. బండి ఒకసారి వణికి, ముందు చక్రాలు ఇసుకను పట్టుకుని, మెల్లగా పైకి పాకింది. ఒడ్డెక్కింది.

రోడ్డు మీదికి వచ్చాక కైలాసం ఒక్క క్షణం ఆగాడు. దొర చెయ్యి రెండుసార్లు ఎక్కడికి పోయిందో అక్కడికి అతని చెయ్యి పోయింది. స్టీరింగు కింద తడిమింది.

టిక్.

ఆ చప్పుడు జైపాల్‌రావుకు తెలుసు. ముల్లు లేచి ఉంటుంది, పై గీత దాకా పోయి ఉంటుంది. కైలాసం ఏమంటాడోనని చెవి ఒగ్గాడు. కైలాసం గేరు మార్చి, కరీంనగర్ దాకా కాలు ఎత్తకుండా తోలాడు.

ఆసుపత్రిలో సూదులు పడ్డాయి. గొంతులో గొట్టం వేసి ఊపిరి ఆడించారు. రెండో నాటికి రెప్పలు లేచాయి, తర్వాత మాట వచ్చింది. కైలాసం మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. తాళాలు తీసి దిండు పక్కన పెట్టాడు.

"ముల్లు సరిగనే ఉన్నది దొరా," అన్నాడు. అతని చూపు కిటికీ మీద ఉంది. "మా అవ్వకు నేనేం చెప్ప. నా నోటి నుంచి వద్దు."

ఇంటికి వచ్చిన రోజు జనం వచ్చి చూసిపోయారు. అందరూ పోయాక శంకరవ్వ వచ్చింది. కైలాసం వాకిట్లోనే నిలబడ్డాడు. ఆమె అరుగు మీద కూర్చుని, కట్టె పక్కన పెట్టి, కొంగున కట్టుకొచ్చిన బెల్లం ముక్క తీసి జైపాల్‌రావు చేతిలో పెట్టింది.

"నువ్వు బతికొస్తె కోడె కడ్తనని రాజన్నకు మొక్కిన దొరా. వాన తెరిపియ్యంగనె పోదాం. గీ జీపులనే పోదాం. గా ముల్లు నిన్ను నన్ను ఇద్దర్ని మోసం జేసింది గని, దేవుడు జెయ్యలే."

కాదనకపోతే చాలు. కైలాసం చెప్పడు, లింగమూర్తికి ఊరితో పని లేదు. ముల్లు మీద పడ్డ నింద ముల్లు మీదే ఉండిపోతుంది. జైపాల్‌రావు చేతిలోని బెల్లం ముక్కను చూశాడు. మాట రాక అరుగు మీద పడి ఉన్న ఆ పొద్దు గుర్తొచ్చింది. ఇప్పుడు మాట ఉంది.

"ముల్లు మోసం జెయ్యలే అవ్వా," అన్నాడు. "నేనే స్విచ్చు పెట్టించి దాన్ని పండవెట్టిన. ఎవరన్న అడిగితే లేదనెటందుకు. నువ్వు పడ్డనాడు కూడ ట్యాంకుల పెట్రోలుండె."

లోపలి నుంచి చాయ పట్టుకొస్తున్న సరళాదేవి గడపలోనే ఆగిపోయింది. శంకరవ్వకు మొదట అర్థం కానట్టుంది. కొడుకు వైపు చూసింది. కైలాసం తల దించుకున్నాడు. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే తుంటి మీదికి పోయింది.

"ఎంతుండె?" అని అడిగింది.

"కరీంనగర్ పోయి వచ్చేటంత."

శంకరవ్వ కట్టె అందుకుంది. కైలాసం పట్టుకోబోతే వద్దని, తనే లేచింది.

"మొక్కయితే తీర్చాలె, తీరుస్త," అంది. "నేను బస్సుల పోత."

ఒక పక్కకు ఒరిగి, వాకిలి దాటి, సందు చివర దాకా నడిచిపోయింది. కట్టె చప్పుడు ఆగిపోయేదాకా జైపాల్‌రావు ఆ బెల్లం ముక్కను చేతిలో పెట్టుకునే కూర్చున్నాడు. సరళాదేవి చాయ గ్లాసు ఆయన ముందు పెట్టి లోపలికి పోయింది.

ఆ మాట సాయంత్రానికే ఊరంతా పాకింది. మర్నాడే లింగమూర్తిని పిలిపించి స్విచ్చు పీకించాడు. టార్పాలిన్ తీసేసి, బండిని వాకిలి ముందు వీధిలోకి కనబడేటట్టు పెట్టాడు. పొద్దున్నే లేచి తాళం తిప్పి చూసేవాడు. ముల్లు ఠంచనుగా లేచి పై గీత మీద నిలబడేది. ఎవరైనా వస్తారేమోనని అరుగు మీద కూర్చునేవాడు. దశరథం లూనా మీద ఆ పక్క నుంచే పోయేవాడు. జ్వరం వచ్చినవాళ్లను ఎడ్లబండి మీద తీసుకుపోయేవాళ్లు. ఆ వానాకాలమంతా జిప్సీ ట్యాంకు నిండుగానే ఉంది.